ఆపరేషన్‌కి మన వాళ్ల రక్తమే ఎక్కించడం మంచిదా?

మీరు అడిగింది ఇదీ అని నాకు అర్థమైంది. అమ్మగారికి 64 ఏళ్లు, ఓ పాజిటివ్. ఇంకో మూడు వారాల్లో విజయవాడలో తుంటి కీలు మార్పిడి ఆపరేషన్. హిమోగ్లోబిన్ 10.2 ఉంది, రెండు యూనిట్ల రక్తం సిద్ధం చేసుకోమన్నారు. మీ మామయ్యగారేమో "బయటి రక్తం వద్దు, ఎవరిదో ఏమో, కొడుకులిద్దరూ ఓ పాజిటివే కదా, అప్పటికప్పుడు తీసి మీదే ఎక్కించమనండి" అంటున్నారు. మీ తమ్ముడు నాలుగు నెలల కిందట చేతికి టాటూ వేయించుకున్నాడు, ఆ సంగతి బ్లడ్ బ్యాంకులో చెప్పాలా వద్దా అన్నది రెండో అనుమానం. న్యాట్ పరీక్ష (రక్తంలో వైరస్‌ని నేరుగా వెతికేది) చేసిన రక్తమే అడగమని ఎవరో చెప్పారు, అది మూడోది.

నేను పాథాలజీ డాక్టర్ని. గుంటూరులోనూ విజయవాడలోనూ బ్లడ్ బ్యాంకుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. ముందు సమాధానం చెప్పేస్తాను. మీ ఇద్దరి రక్తమూ అమ్మకి ఎక్కించవద్దు. లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకులో, ఎవరో ముందే ఇష్టపడి ఇచ్చి, పరీక్షలన్నీ పూర్తయి ఫ్రిజ్‌లో ఉన్న రక్తమే తీసుకోండి. రక్తం ఇవ్వాలని మీకుంటే తప్పకుండా ఇవ్వండి, అది ఇంకెవరికైనా వెళ్తుంది. తమ్ముడు మాత్రం ఇప్పుడు ఇవ్వకూడదు. న్యాట్ దొరికితే తీసుకోండి, దొరకలేదని ఆపరేషన్ వాయిదా వేయకండి. వీటన్నిటికంటే మీరు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది రక్తం బ్యాంకు దాటి అమ్మ మంచం దగ్గరికి వచ్చేదాకా జరిగే పనుల్లో. ఆ సంగతి ఎవరూ అడగరు కాబట్టి కింద కాస్త ఎక్కువే రాస్తున్నాను.

మామయ్యగారి భయాన్ని నేను కొట్టిపారేయను. ఆ తరం వాళ్లు చూసిన రోజులు అలాంటివి. మన దేశంలో హెచ్‌ఐవి మొదట బయటపడింది 1986లో, చెన్నైలో. రక్తానికి హెచ్‌ఐవి పరీక్ష తప్పనిసరి చేసింది 1989లో. అప్పట్లో పెద్దాసుపత్రుల గేట్ల దగ్గర రక్తం అమ్ముకుని బతికేవాళ్లు ఉండేవారు. నెలలో ఎన్నిసార్లు ఇచ్చారో, ఒంట్లో ఏముందో అడిగేవాళ్లు లేరు. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పు ఇచ్చి, లైసెన్సు లేని బ్లడ్ బ్యాంకులు మూసేయాలని, డబ్బుకి రక్తం అమ్మే పద్ధతి రెండేళ్లలో పూర్తిగా ఆగాలని చెప్పింది. 1998 జనవరి 1 నుంచి అది నిషేధం. హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. అంటే అంతకుముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లకి హెపటైటిస్ సి రక్షణ లేనట్టే. 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఇవన్నీ చూసిన మనిషి "బయటి రక్తం వద్దు" అనడంలో ఆశ్చర్యమేముంది?

ఈ రోజుకి వస్తే, చట్టం దృష్టిలో రక్తం ఒక మందు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందకి వస్తుంది, మందుల కంపెనీకి ఉన్నట్టే బ్లడ్ బ్యాంకుకీ లైసెన్సు ఉండాలి, తనిఖీలు ఉంటాయి. ప్రతి బ్యాగుకీ హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా, ఈ ఐదు పరీక్షలూ చేసి తీరాలి. ఐదూ నెగెటివ్ వచ్చేదాకా ఆ బ్యాగు విడిగా క్వారంటైన్‌లో ఉంటుంది. "అప్పటికప్పుడు తీసి ఎక్కించడం" అన్నది అందుకే కుదరదు. పరీక్షలు లేకుండా నేరుగా ఎక్కించడం మన దేశంలో చట్టవిరుద్ధం కూడా.

ఐదు పరీక్షలూ చేశాక కూడా ప్రమాదం సున్నా అవుతుందా అంటే, అవదు. వైరస్ ఒంట్లోకి వచ్చిన రోజుకీ, పరీక్షలో దొరికే రోజుకీ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. దాన్ని మేం విండో పీరియడ్ అంటాం. వైరస్‌ మీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలని వెతికే మామూలు ఎలైజా పరీక్షలో హెచ్‌ఐవికి ఇది సుమారు మూడు వారాలు. యాంటిజెన్, అంటే వైరస్ ముక్కని కూడా పట్టుకునే నాలుగో తరం కిట్ అయితే రెండు వారాల పైచిలుకు. హెపటైటిస్ బి కి సుమారు ఐదు వారాలు, హెపటైటిస్ సి యాంటీబాడీకి రెండు నెలల దాకా. ఈ గడువులో ఉన్న మనిషి వచ్చి రక్తం ఇస్తే మిషన్ "నెగెటివ్" అనే చెబుతుంది. టెక్నీషియన్ తప్పేమీ చేయడు, కిట్ తప్పూ ఉండదు, అయినా ఆ బ్యాగులో వైరస్ ఉంటుంది. 2016లో సమాచార హక్కు కింద జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఇచ్చిన జవాబు పేపర్లలో వచ్చింది: 2014 అక్టోబర్ నుంచి 2016 మార్చి దాకా 2,234 మంది తమకి రక్తం ఎక్కించడం వల్లే హెచ్‌ఐవి వచ్చిందని చెప్పారు. అది కౌన్సెలింగ్ కేంద్రాల్లో రోగులు తమంతట తాము చెప్పిన కారణం, ఒక్కో కేసూ వెనక్కి వెళ్లి తేల్చిన లెక్క కాదు. అయినా ఒక్క కుటుంబానికి జరిగినా అది చిన్న విషయం కాదు.

మిషన్‌కి దొరకని ఆ గడువులో మిమ్మల్ని కాపాడేది ఒక్కటే. రక్తం ఇచ్చే మనిషి చెప్పే నిజం. మీ మామయ్యగారి సలహా దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

మా కౌంటర్ దగ్గర రోజూ జరిగేది చెబుతాను. పేషెంట్ తరఫున రిప్లేస్‌మెంట్, అంటే తీసుకునే రక్తానికి బదులు రక్తం ఇవ్వడానికి నలుగురు వస్తారు. అందులో ఒకరు కొత్త అల్లుడు అనుకోండి. మామగారి ఆపరేషన్. బావమరిది పక్కనే నిలబడి "రాయండి బావా" అంటూ పెన్ను ఇస్తాడు. ఫారంలో ప్రశ్నలు ఉంటాయి. ఈ మధ్య జ్వరం వచ్చిందా, కామెర్లు వచ్చాయా, టాటూ వేయించుకున్నారా, ఎక్కడైనా సూది వేయించుకున్నారా, భార్య కాక వేరే సంబంధాలు ఉన్నాయా. బావమరిది చూస్తుండగా ఆ అల్లుడు ఏం రాస్తాడు? అన్నిటికీ "లేదు" అని వరుసగా టిక్కులు పెట్టేస్తాడు. లోపలికి పిలిచి, తలుపు వేసి, ఒక్కడినే కూర్చోబెట్టి అదే ప్రశ్న మళ్లీ అడిగితే కొందరు తల దించుకుని అసలు సంగతి చెబుతారు. "మేడం, నేను ఇవ్వను, కానీ బయట వాళ్లకి మాత్రం వేరే ఏదైనా చెప్పండి" అంటారు. "హిమోగ్లోబిన్ తక్కువ ఉందండీ" అని బయటివాళ్లకి చెప్పి పంపిస్తాం. అలా చెప్పగలిగే గది, అడిగే తీరిక ఉన్న బ్లడ్ బ్యాంకు మంచి బ్లడ్ బ్యాంకు. హడావిడిగా వరండాలో నిలబెట్టి సంతకం పెట్టించుకునే చోట ఆ నిజం బయటికి రాదు.

కొడుకు, అల్లుడు, తమ్ముడు, వీళ్లకి "నేను ఇవ్వను" అనే అవకాశం ఇంట్లో ఉండదు. ఇవ్వనంటే ప్రేమ లేదంటారు, లేకపోతే ఏదో దాస్తున్నాడంటారు. దానికి భయపడి దాయాల్సింది దాచి ఇచ్చేస్తారు. ఆర్నెల్లకోసారి తనంతట తాను వచ్చి, ఎవరికి వెళ్తుందో తెలియకుండా ఇచ్చి వెళ్లేవాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు. పైగా అతని రక్తం అంతకుముందు ఎన్నోసార్లు పరీక్షించి ఉంటుంది. డబ్బు తీసుకోకుండా క్రమం తప్పక ఇచ్చే దాతల రక్తమే అన్నిటికంటే క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నది ఇందుకే. ఇంకో చేదు సంగతి కూడా ఉంది. రిప్లేస్‌మెంట్ తేవాల్సిందేనని పట్టుబట్టినప్పుడు, మనుషులు దొరకని కుటుంబం ఎవరికో డబ్బిచ్చి "మా బాబాయి కొడుకు" అని తీసుకొస్తుంది. 1998లో ముందు తలుపు నుంచి పంపేసినవాళ్లు అలా దొడ్డిదారిన మళ్లీ వస్తున్నారు. మీకు మనుషులు లేకపోతే లేరని చెప్పండి, దయచేసి అలాంటివాళ్లని మాత్రం తీసుకురాకండి.

ఇక సొంత బిడ్డల రక్తం విషయంలో వైరస్‌తో సంబంధం లేని మరో ప్రమాదం ఉంది. చదువుకున్నవాళ్లలో కూడా చాలామందికి ఇది తెలియదు. ఎక్కించిన రక్తంలో ఇచ్చినవాళ్ల తెల్ల కణాలు కొన్ని బతికే ఉంటాయి. పరాయి మనిషివి అయితే పేషెంట్ ఒళ్లు వాటిని ఇట్టే గుర్తుపట్టి చంపేస్తుంది. దగ్గరి రక్తసంబంధం అయితే కణాల మీది గుర్తులు కలిసిపోయి, "ఇవి నావే" అనుకుని వదిలేసే అవకాశం ఉంది. అవి మాత్రం ఊరుకోవు. పేషెంట్ చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద, ఎముక మజ్జ మీద దాడి చేస్తాయి. వారం పదిరోజుల్లో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు మొదలై రక్తకణాలన్నీ పడిపోతాయి. గ్రాఫ్ట్ వర్సస్ హోస్ట్ అంటారు దీన్ని. చాలా అరుదు, కానీ వచ్చినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా చనిపోతారు. మన వైపు మేనమామ కూతురిని, అక్క కూతురిని చేసుకోవడం మామూలే కదా. అలాంటి ఇళ్లలో తల్లి వైపు గుర్తులూ తండ్రి వైపు గుర్తులూ ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ, అలా పుట్టిన బిడ్డ రక్తం తల్లికి ఎక్కించడం సరిగ్గా ఈ ప్రమాదానికి దారి. మీ అమ్మానాన్నలది మేనరికమో కాదో నాకు తెలియదు, అయినా కాకపోయినా నా సలహా మారదు.

దీన్ని ఆపాలంటే బ్యాగుని 25 గ్రేల రేడియేషన్‌కి గురిచేయాలి. ఆ మిషన్ అన్ని బ్లడ్ బ్యాంకుల్లోనూ ఉండదు. తెల్ల కణాలు వడకట్టే ఫిల్టర్ ఉంటుంది, అది జ్వరాలు తగ్గించడానికి పనికొస్తుంది గానీ దీనికి ఒక్కటే చాలదు. మామయ్యగారు అడుగుతున్న "తాజా రక్తం" అయితే ఇంకా కష్టం, ఎందుకంటే తీసిన కొత్తలోనే ఆ తెల్ల కణాలు బలంగా ఉంటాయి. సిఫిలిస్ క్రిమి కూడా ఫ్రిజ్ చలిలో కొన్ని రోజులుంటే చచ్చిపోతుంది, తాజా రక్తంలో బతికే ఉంటుంది. తాజా రక్తం ఎక్కిస్తే పేషెంట్ త్వరగా కోలుకుంటాడన్నది కూడా తేలలేదు. 2015, 2016లలో వేలమంది పేషెంట్ల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో కొత్త రక్తానికీ నిల్వ రక్తానికీ ఫలితంలో తేడా కనిపించలేదు. ప్యాక్డ్ సెల్స్ (రక్తం నుంచి వేరుచేసిన ఎర్ర కణాలు) బ్యాగు మీద గడువు తేదీ ఉంటుంది, వాడిన ద్రావణాన్ని బట్టి 35 రోజులో 42 రోజులో. ఆ లోపుది ఏదైనా సరే.

ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పేస్తాను, వేరే ఎవరికైనా పనికొస్తుంది. పిల్లలు కనే వయసులో ఉన్న భార్యకి భర్త రక్తం ఎక్కించకండి. భర్త కణాల మీద ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారైతే, రేపు కడుపులో బిడ్డ తండ్రి పోలికతో ఉన్నప్పుడు అవి ఆ బిడ్డ మీద పడతాయి.

తమ్ముడి టాటూ సంగతి. జాతీయ రక్తమార్పిడి మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం టాటూ వేయించుకున్నాక 12 నెలలు రక్తం ఇవ్వకూడదు. సూది ఎంత శుభ్రంగా ఉందో, రంగు గిన్నె ఎంతమందికి వాడారో ఎవరికీ తెలియదు. హెపటైటిస్ బి, సి ఆ దారిలో రావచ్చు. ఏడాది ఆగితే విండో పీరియడ్ దాటిపోతుంది, పరీక్షలో తేలిపోతుంది. "షాపు బాగానే ఉంది, కొత్త సూదే వాడారు" అని మీ తమ్ముడు అనొచ్చు, నిజమే కావచ్చు కూడా. అయినా చెప్పాలి. అతని రక్తం మీ అమ్మకి వెళ్లకపోయినా ఇంకొకరికి వెళ్తుంది. ఆ ఇంకొకరు తలసేమియా ఉన్న పిల్లవాడు కావచ్చు. మీ అమ్మకి జీవితంలో రెండు బ్యాగులు. ఆ పిల్లలకి రెండు మూడు వారాలకోసారి, బతికినంతకాలం. ప్రతి బ్యాగూ ఒక కొత్త మనిషి చెప్పిన నిజం మీద ఆధారపడి ఎక్కుతుంది. ఆ పిల్లల తల్లులు వార్డులో బ్యాగు వంక ఎలా చూస్తారో నాకు తెలుసు కాబట్టి, దాచిపెట్టి ఇచ్చేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

మీరు ఇవ్వొచ్చా అంటే, 18 నుంచి 65 లోపు వయసు, 45 కిలోల పైన బరువు, హిమోగ్లోబిన్ 12.5 పైన, మగవాళ్లైతే కిందటిసారి ఇచ్చి 90 రోజులు దాటాలి, ఆడవాళ్లైతే 120 రోజులు. డెంగీ వచ్చి తగ్గితే ఆరు నెలలు ఆగాలి, మలేరియా అయితే మందులు పూర్తయ్యాక మూడు నెలలు. వానలు వెళ్లాక మన రెండు ఊళ్లలోనూ జ్వరాలు ఎక్కువ కాబట్టి ఇవి గట్టిగా అడుగుతాం. ఇచ్చి ఇంటికి వెళ్లాక ఏదైనా గుర్తొస్తే, సాయంత్రం జ్వరం తగిలినా సరే, బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసి "నాది వాడకండి" అంటే చాలు. కారణం కూడా అడగం, ఆ బ్యాగు పక్కన పెట్టేస్తాం.

న్యాట్ గురించి. యాంటీబాడీ కోసం చూడకుండా వైరస్ జన్యు పదార్థాన్నే నేరుగా వెతికే పరీక్ష అది. దానితో హెచ్‌ఐవి గడువు సుమారు పది రోజులకి, హెపటైటిస్ సి గడువు రెండు నెలల నుంచి వారం చుట్టుపక్కలకి తగ్గుతుంది. హెపటైటిస్ బి కి మూడు వారాల దాకా ఉంటుంది. గడువు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మన దేశంలో న్యాట్ ఇంకా అన్ని బ్లడ్ బ్యాంకులకీ తప్పనిసరి కాదు. ఖర్చు ఎక్కువ, దానికి విడిగా చార్జీ వేస్తారు. 2022లో మండలి నిర్ణయించిన ప్రాసెసింగ్ చార్జీ ప్యాక్డ్ సెల్స్ యూనిట్‌కి ప్రైవేటులో 1,550 రూపాయలు, ప్రభుత్వ బ్లడ్ బ్యాంకులో 1,100. అంతకు మించి అడిగితే దేనికోసమో రసీదు మీద రాయించుకోండి. విజయవాడలో ఆపరేషన్ కాబట్టి న్యాట్ కోసం అడిగి చూడండి, మూడు వారాల టైముంది. కానీ న్యాట్ లేని చోట క్రమం తప్పక ఇచ్చే దాత రక్తమా, న్యాట్ ఉన్న చోట బలవంతంగా తెచ్చిన బంధువు రక్తమా అని నన్ను అడిగితే, నేను దాత వైపే మొగ్గుతాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రక్తం వల్ల అప్పటికప్పుడు ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లలో పెద్దది వైరస్ కాదు, ఒకరి బ్యాగు ఇంకొకరికి ఎక్కడం. మీ అమ్మగారిది ఓ గ్రూపు. "ఓ అందరికీ సరిపోతుంది" అని జనం అనుకుంటారు, అది ఇచ్చేటప్పటి మాట. పుచ్చుకునేటప్పుడు ఓ వాళ్లకి ఓ ఒక్కటే పడుతుంది. ఎ, బి, ఎబి ఏ బ్యాగు పొరపాటున వచ్చినా కొన్ని పదుల మిల్లీలీటర్లు చాలు, ఎర్ర కణాలు పగిలి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఈ పొరపాటు మా ల్యాబ్‌లో జరిగేది తక్కువ. వార్డులో జరిగేదే ఎక్కువ. క్రాస్ మ్యాచ్ (బ్యాగులోని రక్తం పేషెంట్‌ రక్తానికి సరిపడుతుందో చూసే పరీక్ష) కోసం తీసే శాంపిల్ దగ్గరే మొదలవుతుంది. ఒకే వార్డులో బి. లక్ష్మి, పి. లక్ష్మి ఉంటారు. సిస్టర్ ఇద్దరి దగ్గరా రక్తం తీసి, ట్యూబులు ట్రేలో వేసుకుని, నర్సింగ్ స్టేషన్‌కి వెళ్లాక తీరిగ్గా పేర్లు రాస్తే అయిపోయింది. ట్యూబు మీద పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) మంచం పక్కనే, సూది తీసిన వెంటనే రాయాలి. మీరు అక్కడే ఉండి చూడండి. బ్యాగు వచ్చాక తగిలించే ముందు ఇద్దరు కలిసి చూడాలి: బ్యాగు మీద యూనిట్ నంబరు, గ్రూపు, గడువు, క్రాస్ మ్యాచ్ రిపోర్టు, చేతి బ్యాండు, అన్నీ ఒకటే ఉండాలి. పేషెంట్‌ని అడిగే తీరు కూడా ముఖ్యం. "మీరు లక్ష్మిగారే కదా?" అంటే మత్తులో ఉన్న మనిషి దేనికైనా "ఊఁ" అంటుంది. "మీ పేరేంటమ్మా, ఇంటిపేరుతో చెప్పండి" అని అడగాలి. ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) మత్తులో ఉంటే చేతి బ్యాండే ఆధారం, అది తీసేయకుండా చూసుకోండి. అడిగితే సిస్టర్ విసుక్కుంటుందేమో అని మొహమాటపడకండి. మంచి సిస్టర్లు అలా అడిగేవాళ్లని ఇష్టపడతారు.

రక్తం మోసుకొచ్చే పద్ధతి ఇంకొకటి. మే నెలలో గుంటూరు కొత్తపేటలో మధ్యాహ్నం రెండింటికి నేను చాలాసార్లు చూసిన దృశ్యం: నల్ల క్యారీ బ్యాగులో రెండు రక్తం బ్యాగులు, బండి హ్యాండిల్‌కి తగిలించి, ఎండలో సిగ్నల్ దగ్గర నిలబడిన కుర్రాడు. మధ్యలో భోజనానికి కూడా ఆగుతారు. రెండు నుంచి ఆరు డిగ్రీల మధ్య ఉండాల్సిన రక్తం నలభై రెండు డిగ్రీల ఎండలో ఊగుతూ వెళ్తుంది. అందులో ఒక్క బ్యాక్టీరియా ఉన్నా పెరగడానికి అంతకంటే ఏం కావాలి? థర్మాకోల్ పెట్టె, ఐస్ ప్యాకులు తీసుకెళ్లండి. ఐస్‌కీ బ్యాగుకీ మధ్య గుడ్డ గానీ కాగితం గానీ మడిచి పెట్టండి, నేరుగా తగిలితే రక్తం మంచులా గడ్డకట్టి కణాలు పగిలిపోతాయి. రెండు బ్యాగులూ ఒకేసారి తేకండి. రిజర్వు చేయించి ఉంచి, ఓటీ వాళ్లు అడిగినప్పుడు ఒక్కటి తెండి, ఇంకోటి కావాలంటే మళ్లీ వెళ్లండి. ఆసుపత్రిలోనే బ్లడ్ బ్యాంకు ఉంటే ఈ బాధ లేదు. బయటికి వచ్చిన బ్యాగు అరగంటలో ఎక్కడం మొదలవ్వాలి, మొదలైన నాలుగు గంటల్లో అయిపోవాలి. వార్డులో ఇన్సులిన్ పెట్టుకునే ఫ్రిజ్‌లో దాచకూడదు. చల్లగా ఉందని వేడినీళ్లలో ముంచకూడదు, ఇది ఇప్పటికీ అక్కడక్కడా చేస్తున్నారు. అదే గొట్టంలో గ్లూకోజు గానీ మందులు గానీ కలపకూడదు.

మొదటి పదిహేను నిమిషాలు మంచం దగ్గర నుంచి కదలకండి. చలి, వణుకు, నడుము నొప్పి, సూది ఉన్న చెయ్యి మంట, ఛాతీ బరువు, ఆయాసం, ఎర్రగా మూత్రం, "ఏదో అవుతోందిరా" అని ఆమె అన్నా సరే, వెంటనే సిస్టర్‌ని పిలిచి ఆపించండి. తగ్గుతుందిలే అని నెమ్మదిగా వదలమనకూడదు. బ్యాగు పారేయకుండా సెట్‌తో సహా బ్లడ్ బ్యాంకుకి పంపించమనండి, కారణం దాంట్లోనే తెలుస్తుంది. 2012 డిసెంబర్ నుంచి మన దేశంలో ఇలాంటి రియాక్షన్లు నమోదు చేసే హీమోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది, దానికి రిపోర్టు చేయమని అడగొచ్చు.

పెద్దవాళ్లలో ఇంకో ప్రమాదం, ఒంట్లోకి నీరు ఎక్కువై ఊపిరితిత్తుల్లో చేరడం. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి రాస్తున్న లెక్కల్లో రక్తమార్పిడి మరణాలకి మొదటి కారణం ఇదే. రాత్రి పది దాటాక, తెచ్చాం కదా వృథా ఎందుకని రెండో బ్యాగు గబగబా వదిలినప్పుడు జరుగుతుంది. అమ్మగారికి గుండె, కిడ్నీ ఇబ్బందులేవైనా ఉంటే ముందే చెప్పండి. ఒక బ్యాగుతో హిమోగ్లోబిన్ సుమారు ఒక పాయింట్ పెరుగుతుంది. ఒకటి ఎక్కించి, మళ్లీ పరీక్ష చేసి, అవసరమైతేనే రెండోది అనమనండి.

అసలు ఎక్కించకుండా గట్టెక్కగలిగితే అన్నిటికంటే మంచిది, మీకు మూడు వారాలు ఉన్నాయి కాబట్టి అది అయ్యే పనే. 10.2 ఎందుకుందో తెలుసుకోండి. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. ఐరన్ లోపమే అయితే సెలైన్‌లో ఇచ్చే ఐరన్ ఉంది, మాత్రల కంటే త్వరగా పనిచేస్తుంది, ఆపరేషన్ లోపు హిమోగ్లోబిన్ కొంతైనా పెరుగుతుంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ని అడగండి, సొంతంగా ఆపకండి. ఆపరేషన్ సమయంలో ట్రనెక్సమిక్ యాసిడ్ ఇస్తే రక్తస్రావం తగ్గుతుంది, ఎముకల డాక్టర్లందరికీ తెలిసిన మందే, ఇస్తారా అని మాటవరసకి అడగండి. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం 2011లో వచ్చింది. హిమోగ్లోబిన్ 10 కింద ఉన్న అందరికీ ఎక్కించడం కంటే, 8 కిందకి పడితేనో, ఆయాసం లాంటి లక్షణాలు ఉంటేనో ఎక్కించినా ఫలితం ఒకటేనని అందులో తేలింది. "రెండు యూనిట్లు సిద్ధం చేసుకోండి" అంటే రెండూ ఎక్కించి తీరతారని అర్థం కాదు.

ఇంకో పని ఈ వారమే చేయండి. మీ అమ్మగారు ఇద్దరు బిడ్డల తల్లి. కాన్పుల వల్ల కొందరి రక్తంలో మామూలు గ్రూపులకి సంబంధం లేని యాంటీబాడీలు ఉంటాయి. గ్రూపింగ్‌తో పాటు యాంటీబాడీ స్క్రీనింగ్ ముందే చేయించండి. అవి ఉంటే సరిపోయే బ్యాగు వెతకడానికి మాకు రోజులు పడుతుంది. ఆపరేషన్ రోజు పొద్దున తెలిస్తే అందరం పరుగులు పెట్టాలి. స్క్రీనింగ్ ఒకసారి చేసినా, క్రాస్ మ్యాచ్ కోసం ఆపరేషన్‌కి మూడు రోజుల లోపు తాజా శాంపిల్ మళ్లీ ఇవ్వాలి. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు ఎంత ఉందో ప్రభుత్వం నడిపే ఈ-రక్తకోశ్ సైట్‌లో చూడొచ్చు, కానీ చూశాక ఒకసారి ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. వేసవిలో కాలేజీలు మూసేశాక క్యాంపులు తగ్గి ఫ్రిజ్‌లు ఖాళీ అవుతాయి, అప్పుడు ఓ పాజిటివ్ కూడా కష్టమే.

మీరు ఇవ్వదలచుకుంటే ఆపరేషన్ రోజుదాకా ఆగకండి. రేపే వెళ్లి, ఎవరి పేరూ చెప్పకుండా ఇచ్చి రండి.

ఇంటికి వచ్చాక రెండు వారాల దాకా చూస్తూ ఉండండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కారణం లేకుండా హిమోగ్లోబిన్ పడిపోయినా, అది ఆలస్యంగా వచ్చే రియాక్షన్ కావచ్చు. అప్పుడు డాక్టర్ మొదట అడిగేది ఏ బ్యాగు ఎక్కించారని. డిశ్చార్జి కాగితంలో ఎన్ని యూనిట్లు, వాటి నంబర్లు, ఏ బ్లడ్ బ్యాంకువి అన్నది రాయించుకుని ఆ కాగితం ఫైల్లో పెట్టుకోండి. యాంటీబాడీ స్క్రీనింగ్‌లో ఏమైనా తేలితే దాని రిపోర్టు కూడా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.